తుపాను వస్తోందంటే బోటు ఎక్కడ పెట్టాలి: హార్బరా, ఉప్పుటేరా, ఒడ్డా?

బంగాళాఖాతంలో వాయుగుండం అనగానే రేవుల్లో మొదలయ్యే చర్చ తాళ్ల గురించే. మోకులు ఎన్ని ఉన్నాయి, ఇంకో లంగరు ఎవరి దగ్గర దొరుకుతుంది, టైర్లు ఎన్ని కట్టాలి అని. ఇవన్నీ కావాల్సినవే. కానీ వీటికన్నా ముందు తేల్చుకోవాల్సింది చోటు. చోటు తప్పయితే పది మోకులు కట్టినా బోటు నిలవదు. చోటు చూసేటప్పుడు చాలామంది "ఇక్కడ గాలి అంతగా తగలదులే" అని గాలి లెక్క ఒక్కటే వేసుకుంటారు. ముందు నీళ్ల లెక్క వేసుకోమని నా మాట. నీళ్లు ఎంత ఎత్తు లేస్తాయి, ఎటు నుంచి వస్తాయి, తిరిగి ఎటు పోతాయి. బోటును జెట్టీ మీదికి ఎక్కించేది, లంగరు పీకి పొలాల్లోకి తోసేది ఆ నీళ్లే.

మన తీరంలో అందరికీ ఒకే సలహా సరిపోదు. శ్రీకాకుళం వైపు ఇసుక మీదికి లాగే తెప్పలు, విశాఖలో హార్బరు నిండా మరబోట్లు, కాకినాడ నుంచి నిజాంపట్నం దాకా ఉప్పుటేళ్లు, పాయలు. అందుకే మీ బోటు ఏది, మీ రేవు ఎలాంటిది, వచ్చే తుపాను మీకు ఏ పక్కన పోతుంది అన్న మూడూ కలిపి చూసుకోవాలి.

తుపానుకు మీరు ఏ పక్క

మనవైపు తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. మన తీరానికి తుపాన్లు ఎక్కువగా తూర్పు నుంచో ఆగ్నేయం నుంచో వస్తాయి. తుపాను కన్ను మీ ఊరికి దక్షిణంగా తీరం దాటితే మీకు సముద్రం మీంచి గాలి: ముందు ఈశాన్యం, తర్వాత తూర్పు, ఆపైన ఆగ్నేయం. ఉప్పెన భయం ఎక్కువ ఉండేది ఈ పక్కనే. కన్ను మీకు ఉత్తరంగా దాటితే గాలి ఉత్తరం, వాయవ్యం నుంచి మొదలై పడమరకు, నైరుతికి తిరుగుతుంది. నేల మీంచి వచ్చే గాలి కాబట్టి నీళ్లు ముందు వెనక్కి పోతాయి. ఇది చూసి ధైర్యపడకూడదు. నీళ్లు పోయిన చోట బోటు బురదలో కూర్చుని పక్కకు ఒరుగుతుంది. ఒరిగిన బోటు మీదికి నీళ్లు తిరిగొస్తే అది పైకి లేచేలోపే అంచు మీంచి లోపలికి నిండుతాయి. గాలి వెనక్కి తోసే పక్కన ఉన్నవాళ్లు బోటును మరీ ఒడ్డుకు ఆనించి కట్టకపోవడం మంచిది.

కన్ను నెత్తి మీదుగా పోతే మధ్యలో గాలి కాసేపు తగ్గి, తర్వాత దాదాపు ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీదే తీరం దాటింది. గంటకు 180 కిలోమీటర్ల వేగం. అలాంటి తుపానులో ఒకే వైపు గట్టిగా కట్టిన బోటు మొదటి సగం తట్టుకున్నా రెండో సగంలో పక్కబోటు మీద పడుతుంది.

మీరు ఏ పక్కన ఉన్నారో చెప్పడానికి పోర్టుల్లో ఎగరేసే ప్రమాద హెచ్చరికల నంబర్లే చాలు. టీవీలో "ఐదో నంబరు", "పదో నంబరు" అని చదివేస్తారు, విన్నవాళ్లు నంబరు పెరిగితే ప్రమాదం పెరిగిందని మాత్రం అనుకుంటారు. అందులో దిక్కు కూడా ఉంది. 5, 8 అంటే తుపాను కదిలే దారికి పోర్టు ఎడమ పక్కన పడుతుంది. 6, 9 అంటే కుడి పక్కన. 7, 10 అంటే పోర్టు మీదుగా, లేదా దానికి బాగా దగ్గరగా. తుపాను పడమరగా వస్తోందంటే దాని కుడి మనకు ఉత్తరం. అంటే 6 గానీ 9 గానీ వినబడితే నీళ్లు మీద పడే పక్కన ఉన్నట్టు. 8, 9, 10 పెద్ద తుపానుకు పెట్టేవి. మీ దగ్గరి పోర్టులో ఏ నంబరు ఉందో కనుక్కుని తర్వాత తాళ్లు తియ్యండి.

ఇక నీళ్ల ఎత్తు. ఇది గాలి వేగం మీద ఎంత ఆధారపడుతుందో సముద్రం లోతు మీదా అంతే ఆధారపడుతుంది. విశాఖ దగ్గర సముద్రం తొందరగా లోతవుతుంది. హుద్‌హుద్ అంత పెద్ద గాలికి కూడా విశాఖలో ఉప్పెన దాదాపు 1.4 మీటర్లే నమోదైంది. మచిలీపట్నం, దివిసీమ వైపు అడుగు చాలా దూరం దాకా పల్లంగా, లోతు లేకుండా ఉంటుంది. 1977 నవంబరు 19న అక్కడ నీళ్లు ఐదు మీటర్లకు పైగా లేచి ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి, దాదాపు పది వేల మంది పోయారు. 1864లో మచిలీపట్నాన్ని ముంచిన ఉప్పెనలో ఇంకా ఎక్కువ మంది పోయారు. కాబట్టి అదే 120 కిలోమీటర్ల గాలి విశాఖవాళ్లకు ఒక సమస్య, నాగాయలంకవాళ్లకు వేరే సమస్య. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఉప్పెన అంచనాలు ఇస్తుంది, వాతావరణ శాఖ బులెటిన్లలోనూ ఏ తీరంలో మామూలు పోటు కన్నా ఎన్ని మీటర్లు ఎక్కువ అన్నది చెబుతారు. గాలి వేగం రాసుకున్నట్టే ఆ మీటర్లు కూడా రాసుకోండి. దానికి ఆ రోజు పోటు కలపాలి. అమావాస్య, పౌర్ణమి దగ్గరలో ఉంటే ఇంకాస్త కలపాలి.

ఫైబర్ తెప్ప: ఎంత దూరం లాగాలి, ఎలా పెట్టాలి

తెప్పను నీళ్లలో ఉంచే ఆలోచన పెట్టుకోవద్దు. రోజూ అలల గీతకు పైన వదిలే చోటు కూడా చాలదు. ఇసుక దిబ్బ ఉన్న రేవుల్లో దిబ్బకు వెనక్కి లాగాలి. ఉప్పాడ లాంటి చోట సముద్రం ఒడ్డును కోసేస్తోంది, బీచ్ రోడ్డే ప్రతి తుపానుకూ దెబ్బతింటోంది. అక్కడ "కాస్త పైకి లాగాం" అనడంలో అర్థం లేదు. ట్రాక్టరు పెట్టి ఊరి వెనక్కో, లోపలి కాలువ పక్కకో తీసుకుపోవాల్సిందే. ఊళ్లో ఉన్న ఒకటి రెండు ట్రాక్టర్లే అందరి తెప్పలూ లాగాలి కాబట్టి రెండు రోజుల ముందే మాట్లాడుకోవాలి. చివరి రోజు సాయంత్రం ట్రాక్టరు మీ వంతుకు రాదు. ఇంకో మాట. లాగిన తెప్పను తుపాను షెల్టరుకు పోయే రోడ్డు మీద మాత్రం వదలొద్దు. ఆ రోడ్డు మీద అర్ధరాత్రి ముసలివాళ్లను, పిల్లలను ఎక్కించిన వాహనం పోవాలి.

పైకి లాగాక ఎలా పెట్టాలన్న దాంట్లో మూడు పద్ధతులు ఉన్నాయి. బోర్లా తిప్పి కట్టడం, వెల్లకిలా ఉంచి నీళ్లు నింపడం, ఊరికే తాడుతో చెట్టుకు కట్టడం. మూడోది ఎక్కువమంది చేసేది, అన్నిటికన్నా బలహీనమైనది. ఖాళీ తెప్ప కిందికి గాలి దూరితే అది లేచి తిరగబడుతుంది, తాడు ఉంటే తాడు చుట్టూ తిరుగుతూ పక్క తెప్పలను కొడుతుంది.

ఉప్పెన నీళ్లు అందవని నమ్మకం ఉన్న చోట, చిన్న తెప్ప అయితే బోర్లా తిప్పడం మంచిది. అంచులు ఇసుకలో కాస్త పూడేలా ఆనించి, మీంచి రెండు చోట్ల అడ్డంగా మోకు వేసి రెండు పక్కలా కట్టాలి. పెద్ద తెప్పను తిప్పడం కష్టం, తిప్పితే అంచు పగులుతుంది. దాన్ని వెల్లకిలా ఉంచి నీళ్లు నింపడమే మేలు. వెయ్యి లీటర్ల నీళ్లు ఒక టన్ను బరువు, ఒడ్డున అంత బరువు ఇంకెలాగూ దొరకదు. ఒక జాగ్రత్త ఉంది: కింద దుంగలు, రోలర్లు తీసేసి తెప్ప అడుగు మొత్తం ఇసుక మీద కూర్చున్నాకే నీళ్లు పొయ్యాలి. రెండు దుంగల మీద ఆని ఉన్న తెప్పలో టన్ను నీళ్లు పోస్తే అడుగు అక్కడే చీలుతుంది. నీళ్లు నింపడానికి ఇంజిన్ పంపు అక్కర్లేదు, వర్షం ఎలాగూ పడుతుంది కదా అని కొందరు అడుగు బిరడా బిగించి వదిలేస్తారు. గాలి ముందొచ్చి వాన తర్వాత వస్తే ఆ లెక్క తప్పుతుంది, ముందే నింపండి.

నీళ్లు అందే పల్లపు చోటయితే? అక్కడ కూడా నేను నీళ్లు నింపిన తెప్ప వైపే ఉంటాను, కాకపోతే తాడు పొడవుగా ఉండాలి. ఉప్పెన వస్తే అది మునిగి ఉన్న చోటే ఉంటుంది, ఖాళీ తెప్ప కొట్టుకుపోయి ఇళ్ల మీద పడుతుంది.

దేనికి కట్టాలన్నదీ చూసుకోవాలి. తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి చెట్లు ఎలా నేలకూలాయో ఆ వైపువాళ్లకు చెప్పక్కర్లేదు. కొబ్బరికి కట్టిన తెప్ప మీద కొబ్బరే పడుతుంది. సరుగుడు మధ్యకు విరుగుతుంది. తాటి చెట్టు ఉంటే దానికి, అదీ మొదలుకు, మోకాలి ఎత్తుకు మించకుండా కట్టండి. చెట్టే లేని ఇసుకలో గజం లోతున గొయ్యి తీసి, లావుపాటి దుంగ నడుముకు మోకు కట్టి, దుంగను అడ్డంగా పెట్టి పూడ్చి తొక్కండి. మోకు తన్నే దిక్కుకు దుంగ అడ్డంగా ఉండాలి, అప్పుడే పట్టు.

ఔట్‌బోర్డు ఇంజిను, పెట్రోలు ట్యాంకు, వలలు, జీపీఎస్ ఇంటికి చేర్చడం గురించి ఎవరికీ చెప్పక్కర్లేదు. వలలే తెప్ప కన్నా ఖరీదైన ఇళ్లు మన తీరంలో చాలా ఉన్నాయి.

మరబోటు: హార్బరులో ఉంచితే

విశాఖవాళ్లకు హార్బరు తప్ప వేరే దారి పెద్దగా లేదు. దగ్గర్లో దూరడానికి లోతైన ఏరు లేదు. మంచి విషయం ఏమిటంటే అక్కడ ఉప్పెన తక్కువ, అలలను ఆపే గోడ (బ్రేక్‌వాటరు) ఉంది. చెడు విషయం కిక్కిరిసిపోవడం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఆ రోజుల్లో మే తుపాను వస్తే బోట్లన్నీ లోపలే ఉంటాయి. అక్టోబరు, నవంబరులో వేరే కథ. సగం బోట్లు వేటలో ఉండి, కబురు అందాక పరుగున వస్తాయి. ఆలస్యంగా వచ్చినవాళ్లకు దొరికేది బయటి వరసే.

జెట్టీకి ఒకటి, దాని పక్కన ఇంకొకటి, అలా ఆరేడు బోట్లు ఒకదానికొకటి కట్టేసి వరసగా పెట్టడం మామూలు రోజుల్లో అలవాటు. తుపానులో బయటి ఐదింటి బరువూ లోపలి బోటు మీద పడి, అది జెట్టీ గోడకు నలిగిపోతుంది. రెండు, మించితే మూడు బోట్లకు మించి వరస ఉండకూడదని సంఘంలో ముందే గట్టిగా అనుకోవాలి. వరసలో కట్టినా ప్రతి బోటుకూ సొంతంగా జెట్టీకో లంగరుకో మోకు పోవాలి. పక్క బోటు నిలబడితేనే మన బోటు నిలబడుతుందన్న ఏర్పాటు పనికిరాదు.

బోట్లు దగ్గరగా కట్టడంలో ఇంకో ప్రమాదాన్ని 2023 నవంబరు 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బరు చూసింది. తుపాను కాదు, నిప్పు. ఒక బోటులో మొదలైన మంట దాదాపు 40 బోట్లను తినేసింది. డీజిలు, గ్యాస్ సిలిండర్లు, ఒకదానికొకటి కట్టిన తాళ్లు. తుపాను రోజు బోటులో మనిషి ఉండడు, బ్యాటరీ వైరు షార్టయినా చూసే దిక్కు ఉండదు. గ్యాస్ సిలిండరు దించేయండి, పంపుకు తప్ప మిగతా అన్నిటికీ బ్యాటరీ కనెక్షన్ తీసేయండి.

ఇక కట్టే పద్ధతి. ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పాలి, ఎందుకంటే బోట్లు పోయేది ఇక్కడే. మోకు జెట్టీ నుంచి బోటుకు మూడు మీటర్లే ఉందనుకోండి. నీళ్లు రెండు మీటర్లు లేస్తే ఆ మోకు 3.6 మీటర్లు కావాలి. అరవై సెంటీమీటర్లు ఎక్కడి నుంచి వస్తాయి? మోకు తెగుతుంది, లేదా డెక్ మీది కట్టుకొయ్య ఊడొస్తుంది, లేదా బోటు ఒక పక్కకు వంగి నీళ్లు తాగుతుంది. అదే మోకు పది మీటర్ల పొడవుంటే రెండు మీటర్ల నీళ్లకు 10.2 మీటర్లు చాలు. ఇరవై సెంటీమీటర్లే తేడా, నైలాన్ మోకు సాగి ఆ తేడాను ఇచ్చేస్తుంది. అందుకే దగ్గరి కొయ్యకు పొట్టిగా కట్టకండి. ముందు నుంచి దూరంగా ముందుకు, వెనక నుంచి దూరంగా వెనక్కి, నడుము నుంచి ఏటవాలుగా రెండు వైపులా. వీలైతే బోటును జెట్టీకి ఆనించకుండా, నీటి పక్క లంగరు వేసి, రెండు మూడు మీటర్ల ఎడం ఉండేలా లాగి కట్టాలి. ఎడం లేకపోతే నీళ్లు లేచినప్పుడు బోటు అంచు జెట్టీ మీదికెక్కి, నీళ్లు దిగినప్పుడు అక్కడే ఇరుక్కుంటుంది.

టైర్లు ఎన్ని దొరికితే అన్ని కట్టండి. కానీ మామూలు ఎత్తులో వేలాడదీసిన టైర్లు నీళ్లు లేచాక పనిచెయ్యవు. కొన్ని పైన, కొన్ని కింద ఉండాలి.

ఉప్పుటేరులోకి, మడ అడవుల్లోకి తీసుకుపోతే

కృష్ణా, గోదావరి డెల్టా వైపున్న మరబోట్లకు, తీవ్ర తుపాను, అందులో ఉప్పెన రెండు మీటర్లు దాటొచ్చని చెబుతుంటే, నా ఓటు హార్బరుకు కాదు, ఉప్పుటేరుకే. కాకినాడ జగన్నాథపురం ఉప్పుటేరు, కోరంగి మడల్లోని పాయలు, గిలకలదిండి, నిజాంపట్నం వెనకున్న ఏళ్లు, ఇవన్నీ పాత తరం వాళ్లు వాడిన చోట్లే. మడ చెట్ల మధ్య అల చచ్చిపోతుంది. నీళ్లు లేచినా మెల్లగా, మట్టంగా లేస్తాయి. అడుగు మెత్తటి బురద, ఒరిగినా పలక పగలదు. కాకినాడవాళ్లకు ఎదురుగా హోప్ ఐలాండ్ ఉండటం అదనపు అండ.

చూసుకోవాల్సినవి మాత్రం చాలా ఉన్నాయి. మొదటిది మొగ, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు. ఇసుక మేట వేసిన మొగల్లో పాటు వేళ, అంటే నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు, మరబోటు దాటదు, పోటు కోసం ఆగాలి. రోజుకు రెండు పోట్లు. అందులో ఒకటి రాత్రి వస్తే వెలుతురు లేక మీరు వాడుకోలేకపోవచ్చు. గాలి పెరిగాక మొగ దగ్గర అల విరుగుతూ ఉంటుంది, అప్పుడు లోపలికి రావడం ప్రాణాలతో చెలగాటమే. అందుకే ఉప్పుటేరు ఎంచుకునేవాళ్లు తుపాను తీరం దాటడానికి ఒకటిన్నర రెండు రోజుల ముందే లోపల ఉండాలి. ఇంకా ఆలస్యమైతే ఈ ఆలోచన వదిలేసి హార్బరులో ఉన్నంతలో సర్దుకోండి.

రెండోది ఏ పాయ. పెద్ద ఏటి మధ్యలో వద్దు. తుపాను దాటాక ఒకటి రెండు రోజులకు ఎగువన పడ్డ వాన వరదై దిగుతుంది. దుంగలు, గుర్రపు డెక్క గుట్టలు గుట్టలుగా వస్తాయి. గుర్రపు డెక్క లంగరు తాడుకు చుట్టుకుంటే గాలి కన్నా ఎక్కువ లాగుతుంది, తుపానుకు నిలిచిన బోటు వరదకు పోతుంది. పక్కకు చీలిన చిన్న పాయ చూడండి, బోటు పొడవుకు రెండింతలకు మించని వెడల్పు ఉంటే ఇంకా మంచిది. అప్పుడు రెండు గట్ల మీది చెట్లకూ మోకులు అందుతాయి. చెట్ల మొదళ్ల మీద బురద గీత ఎంత ఎత్తున ఉందో చూస్తే మామూలు పోటు ఎక్కడి దాకా వస్తుందో తెలిసిపోతుంది. దానికి పైన ఉప్పెన లెక్క వేసుకోండి.

కట్టడం ఇలా. ముందు రెండు, వెనక రెండు, నాలుగు మోకులు ఏటవాలుగా రెండు గట్లకూ. ఒక్కో మోకు ఒకే చెట్టుకు కాకుండా మూడు నాలుగు మొదళ్లను కలిపి చుట్టాలి. మడ చెట్టు వేరు బురదలో ఉంటుంది, ఒంటరిగా అంత బరువు ఆపదు. దానికి తోడు గాలి ఎక్కువ వచ్చే వైపు లంగరు. దయచేసి చోటు కోసం మడ కొట్టకండి. కోరంగి అభయారణ్యంలో అది నేరం. పైగా వచ్చే ఏడు తుపానుకు మీ బోటును ఆపేది ఆ చెట్లే.

మడల్లో పెట్టాం కదా, ఇక భయం లేదనుకోవడం కూడా తప్పే. కరీబియన్‌లోని టోర్టోలా దీవిలో పారకీటా బే అని మడల మధ్య ఒక కయ్య ఉంది, హరికేన్ వస్తే పడవలన్నీ దూరే చోటు. 2017 సెప్టెంబరు 6న ఇర్మా వచ్చినప్పుడు వందల సెయిలింగ్ పడవలు అక్కడ పక్కపక్కనే కట్టి ఉన్నాయి. గాలి గంటకు 280 కిలోమీటర్లు దాటింది. కట్లు తెగిన పడవలు కట్టి ఉన్నవాటి మీద పడి, చివరికి గుట్టగా మిగిలాయి. చోటు మంచిదే, జనం ఎక్కువైపోయారు. మన పాయల్లోనూ అదే సూత్రం: ముందు వచ్చిన బోటు లోపలికంటా పోవాలి, వెనక వచ్చేవాళ్లకు చోటు వదలాలి, తాడు తాడుకు అడ్డం రాకుండా చూసుకోవాలి.

దివిసీమ లాంటి పల్లంలో ఐదు మీటర్ల ఉప్పెన వస్తే ఏ పాయా కాపాడదు. అంత అంచనా ఉన్నప్పుడు బోటు మీద ఇంకో గంట కూడా పెట్టొద్దు, ఇంటిల్లిపాదినీ తీసుకుని బయల్దేరండి.

వేరే హార్బరుకు పరిగెత్తడం, సముద్రంలోకి పోవడం

కాకినాడ నుంచి విశాఖకు మరబోటు పోవడానికి పది పన్నెండు గంటలు పడుతుంది. మూడు రోజుల ముందు, సముద్రం ఇంకా నెమ్మదిగా ఉన్నప్పుడు అయితే ఆలోచించొచ్చు. అప్పటికి తుపాను ఎక్కడ దాటుతుందో ఖాయంగా తెలియదు, అదే చిక్కు. 2022 మేలో అసనీ తీరం దగ్గర దాకా వచ్చి ఒడిశా వైపు మళ్లిపోతుందని మొదట్లో అంచనా, చివరికి మచిలీపట్నం దగ్గరే తీరం తాకింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ నెల్లూరు తీరం పక్కనే పైకి జరుగుతూ వచ్చి 5న బాపట్ల దగ్గర దాటింది, దారి పొడుగునా అందరికీ గాలి, వాన పంచింది. పారిపోయిన చోటికే తుపాను రావచ్చు. పైగా కొత్త హార్బరులో మీకు చోటు ఇచ్చేదెవరు, మోకు కట్టడానికి చెయ్యి వేసేదెవరు? సొంత రేవు మరీ పనికిరానిదైతే తప్ప ఇది నేను చెప్పను.

పోర్టుల్లో పెద్ద ఓడలను తుపానుకు ముందు బయటి సముద్రంలోకి పంపేస్తారు. అది చూసి మనమూ లోతుకు పోదాం అనుకునేవాళ్లు ఇప్పటికీ అక్కడక్కడా కనబడతారు. ఆ ఓడల వేగం, బరువు, ఇంజిను వేరు. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణంగా దాటిన తుపానులో వేటకు పోయిన వందల మంది తిరిగి రాలేదు. భైరవపాలెం, బలుసుతిప్పల్లో ఆ ఏడు ఏడవని ఇల్లు లేదు. అప్పుడు వాళ్లకు కబురు అందలేదు. ఇప్పుడు అందుతోంది. గాలి 45 కిలోమీటర్లు దాటుతుందంటేనే వేటకు వెళ్లొద్దని చెబుతున్నారు. మరబోటుకు సముద్రం అన్నది ఎంపికల్లో లేదు.

మోకు, లంగరు: ఏది కొనాలి

గాలి వేగం రెండింతలైతే బోటు మీద ఒత్తిడి నాలుగింతలు. 60 కిలోమీటర్ల గాలికి నిలిచిన కట్టు 120కి నిలుస్తుందన్న ధీమా అందుకే పనికిరాదు, 180కి అయితే తొమ్మిదింతలు.

నైలాన్, పాలీప్రొపిలీన్, ఉక్కు తీగ, మూడింట్లో నైలానే. సాగుతుంది కాబట్టి కుదుపు మింగుతుంది. పాలీప్రొపిలీన్ చవక, నీళ్ల మీద తేలుతుంది, కానీ ఎండకు పొడిబారి పుటుక్కుమంటుంది. నిరుడు డెక్ మీద ఎండిన ఆ తాడును వేలితో గీకితే పొడి రాలుతుంటే దాన్ని తుపానుకు వాడొద్దు. ఉక్కు తీగ తెగదు కానీ సాగదు, దాని కుదుపు మొత్తం కట్టుకొయ్య మీదే పడి పలకతో సహా పెకలిస్తుంది.

మంచి నైలాన్ కూడా తెగేది రాపిడికే. మోకు డెక్ అంచు దాటే చోట రెండు గంటలు చూడండి. ముందు నూగులా లేస్తుంది, తర్వాత ఒక పురి తెగి పక్కకు వేలాడుతుంది, ఆ పైన మిగిలిన పురులు నిమిషాల్లో పోతాయి. అక్కడ తొడుగు వెయ్యాలి. చాలామంది రబ్బరు గొట్టం తొడుగుతారు. ఏమీ లేనిదానికన్నా నయమే, కాకపోతే లోపల నైలాన్ రుద్దుకుని వేడెక్కుతుంది, వాన నీళ్లు లోపలికి పోక చల్లారదు. తడిని పీల్చే గోనె, కాన్వాసు నాలుగైదు చుట్లు చుట్టి సన్న తాడుతో కుట్టెయ్యడం నాకు ఇష్టం. జెట్టీ వైపు కొస దగ్గరా అంతే చెయ్యాలి, ఆ కొసను చాలామంది మర్చిపోతారు.

లంగరు ఒక పెద్దది కన్నా రెండు మధ్యస్థం మేలు, ముందు నుంచి చీలినట్టు రెండు వైపులకు. గాలి తిరిగినప్పుడు ఒకటి పట్టు వదిలినా రెండోది ఉంటుంది. తాడు పొడవుకు లెక్క ఇది: నీటి లోతు, బోటు ముక్కు ఎత్తు, ఉప్పెన, మూడూ కలిపి కనీసం ఏడింతలు. లోతు నాలుగు మీటర్లు, ముక్కు రెండు, ఉప్పెన రెండు అయితే ఎనిమిది. ఏడింతలంటే 56 మీటర్లు. చోటుంటే పదింతలు వదలండి. ఉప్పెన కలపకుండా ఆరుకే లెక్క వేసి 42 వదిలినవాళ్ల లంగరే ముందు పీక్కొస్తుంది. లంగరు దగ్గర కొన్ని మీటర్లు గొలుసు ఉంటే తాడు పైకి లాగినా లంగరు పడుకునే ఉంటుంది.

మనిషి దిగిపోవాలి

పైన చెప్పిన ఏ పద్ధతి ఎంచుకున్నా అది మనిషి లేకుండా నడిచేదై ఉండాలి. "రాత్రికి నేను ఉండి తాళ్లు వదులు చేస్తూ ఉంటా" అనే సరంగులు (బోటు నడిపేవాళ్లు) ఉన్నారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది, బోటు మీద అప్పు ఉంటుంది, దానిమీదే నాలుగు కుటుంబాలు ఉంటాయి. కానీ 120 కిలోమీటర్ల గాలిలో డెక్ మీద నిలబడలేం, లాగుతున్న మోకును చేత్తో వదులు చెయ్యలేం. వేలు పోతుంది, చెయ్యి పోతుంది, మనిషే పోతాడు. ఉప్పుటేరు లోపల ఉన్న బోటు నుంచైతే షెల్టరుకు దారి కూడా ఉండదు. వాతావరణ శాఖ దాదాపు 24 గంటల ముందు ఇచ్చే హెచ్చరిక వచ్చేసరికి ఆఖరి ముడి వేసి ఒడ్డున ఉండాలి. కన్ను వచ్చి గాలి ఆగినప్పుడు "ఒకసారి చూసొద్దాం" అని పరిగెత్తడం అన్నిటికన్నా ప్రమాదం.

దిగే ముందు డెక్ మీది టార్పాలిన్లు, డ్రమ్ములు, ఐసు పెట్టెలు తీసేయండి. డెక్ నీళ్లు బయటికి పోయే రంధ్రాల్లో చేప పొలుసు, వల ముక్కలు పేరుకుని ఉంటాయి, అవి కెలికి శుభ్రం చెయ్యండి. బ్యాటరీ పంపు కొన్ని గంటలే, ఆ రంధ్రాలు రాత్రంతా పనిచేస్తాయి. రిజిస్ట్రేషను, లైసెన్సు, ఇన్సూరెన్సు కాగితాలు ప్లాస్టిక్ సంచిలో ఇంటికి. కట్టిన బోటును నాలుగు వైపుల నుంచి, నంబరు కనబడేలా, ఫోన్లో ఫొటోలు తీసి ఇంకొకరికి పంపించండి. నష్టం రాయించుకునే రోజు మత్స్యశాఖవాళ్లు గానీ ఇన్సూరెన్సువాళ్లు గానీ "ముందు ఎలా ఉండేది" అని అడుగుతారు, అప్పుడు ఆ ఫొటోలే సాక్ష్యం.

తుపాను పోయాక బోటు మునిగి ఉంటే తేల్చగానే ఇంజిను స్టార్టు చెయ్యాలని చెయ్యి లాగుతుంది. చెయ్యొద్దు. సిలిండర్లలో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. నీళ్లలో ఉన్నంతసేపు ఇంజినుకు తుప్పు నెమ్మదిగానే ఉంటుంది, బయటికి తీసి గాలి తగిలాక గంటల్లో పట్టేస్తుంది. కాబట్టి మెకానిక్కు, మంచినీళ్లు, కొత్త ఆయిలు సిద్ధంగా ఉన్నాకే పైకి తియ్యండి. తీసిన వెంటనే మంచినీళ్లతో కడిగి, ఇంజెక్టర్లు విప్పి, చేత్తో తిప్పి నీళ్లు వెళ్లగొట్టి, ఆయిలు రెండు మూడుసార్లు మార్చాక స్టార్టు చెయ్యండి.